నవాబుపేట ప్రాంతంలో ఆడపిల్లల చదువు: సామాజిక, ఆర్థిక అవరోధాలు

నవాబుపేట తెలంగాణలోని వికారాబాద్ జిల్లాలో ఒక మండల కేంద్రం. మహబూబ్‌నగర్ జిల్లాలో ఇదే పేరుతో మరో మండలం ఉంది. ఈ వ్యాసం దాని గురించి కాదు. ఈ నవాబుపేట 1978 ఆగస్టు 15న ఏర్పడిన రంగారెడ్డి జిల్లాలో ఉండేది. 2016 అక్టోబర్ 11న జిల్లాలు విడిపోయినప్పుడు వికారాబాద్‌లోకి వచ్చింది. అసెంబ్లీ నియోజకవర్గం మాత్రం ఇప్పటికీ చేవెళ్లే. తూర్పుకు పోతే శంకర్‌పల్లి, హైదరాబాద్ శివార్లు. పడమటికి పోతే వికారాబాద్, మూసీ పుట్టిన అనంతగిరి గుట్టలు, ఆ పైన నాపరాతి గనుల తాండూరు, కర్ణాటక సరిహద్దు.

రాజధానికి ఇంత దగ్గరున్నా చదువులో ఈ జిల్లా రాష్ట్రంలో వెనకబడిన వాటిలో ఒకటి. 2011 జనగణన లెక్కలను కొత్త జిల్లా హద్దులకు సర్దితే 9.27 లక్షల జనాభాలో అక్షరాస్యత 58 శాతం లోపే తేలింది. ఆడవాళ్లను విడిగా లెక్కిస్తే అది సగానికి కూడా చేరలేదు. అదే ఏడు తెలంగాణ మొత్తం మీద స్త్రీల అక్షరాస్యత దాదాపు 58 శాతం. అంటే రాష్ట్రంలో ఆడవాళ్లు అందుకున్న మెట్టును ఈ జిల్లా ఆడా మగా కలిసి కూడా దాటలేదు.

ఒకప్పుడు ఇక్కడి ఆడపిల్లకు బడి గడపే అడ్డం. ఇప్పుడు ఒకటో తరగతిలో చేరని పిల్లను వెతకాల్సిందే. అడ్డం తొలగలేదు, పైతరగతులకు జరిగింది. ఊరి బడి అయిపోయి పక్కూరి హైస్కూలుకు పోవాల్సిన చోట ఒకసారి, పదో తరగతి దగ్గర మరోసారి, ఇంటర్‌లో ఇంకోసారి పిల్ల ఆగిపోతోంది.

పూర్వరంగం

నిజాం రాజ్యంలో ఆడపిల్లల చదువంటే హైదరాబాద్ నగరం మాటే. నాంపల్లి బాలికల పాఠశాల 1890లో, ఉస్మానియా మహిళా కళాశాల 1924లో మొదలయ్యాయి. పై చదువంతా ఉర్దూలో సాగే రోజుల్లో తెలుగు మాధ్యమంలో ఆడపిల్లలకు బడి కావాలని పట్టుబట్టి మాడపాటి హనుమంతరావు ప్రభృతులు 1928లో ఆంధ్ర బాలికా పాఠశాలను నెలకొల్పారు. దానికి గుర్తింపు కోసం ఏళ్ల తరబడి తిరగాల్సి వచ్చింది.

వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు 1874లో పడిన రైలు మార్గం తాండూరు, వికారాబాద్‌ల మీదుగానే పోతుంది. ఆ దారినే మిషనరీలూ వచ్చారు. వికారాబాద్‌లో మెథడిస్టు మిషన్ ఆసుపత్రితో పాటు మేరీ ఎ. నాట్స్ పేరిట ఆడపిల్లల బోర్డింగ్ బడి నడిపింది. పల్లెల నుంచి వచ్చిన దళిత కుటుంబాల పిల్లలకు అక్షరం దొరికిన తొలి చోట్లలో ఈ మిషన్ బడులు ముఖ్యమైనవి. రైలు పట్టాలకు దూరంగా ఉన్న ఊళ్లలో మాత్రం ఆడపిల్ల చదువన్న ఊసే చాలాకాలం లేదు. ఈనాటి విద్యార్థినుల నానమ్మలు చాలామంది వేలిముద్రల తరం. ఇంట్లో హోంవర్క్ చూసేవాళ్లు లేకపోవడం, బడి నుంచి వచ్చిన కాగితం చదివేవాళ్లు లేకపోవడం పైకి కనబడని అవరోధం. దీన్ని ఏ పథకమూ లెక్కలోకి తీసుకోదు.

పొలంలో పిల్ల చేతి విలువ

ఆడపిల్లను బడి మాన్పించడం మూఢత్వం అనేయడం సులువు. దగ్గర నుంచి చూస్తే అందులో గట్టి లెక్క ఉంటుంది. ఆ లెక్క పత్తిచేలో బాగా కనిపిస్తుంది.

జిల్లాలో వానాకాలపు ప్రధాన పంటల్లో పత్తి ఒకటి. దసరా సెలవులకు కాస్త అటూ ఇటూగా కాయ పగులుతుంది. అక్కడి నుంచి సంక్రాంతి దాకా పత్తి ఏరుడే పని. నడుముకు పాత చీరను ఒడిలా కట్టుకుని, సాలు వెంట వంగి నడుస్తూ పగిలిన కాయ నుంచి దూది లాగి ఒడిలో వేసుకోవాలి. ఎండిన కాయ కొసలు ముళ్లలా గుచ్చుకుని వేళ్ల చివర్లు చీరుకుపోతాయి. కూలి కిలోల లెక్కన ఇస్తారు. తల్లి వెంట పిల్ల కూడా ఏరితే సాయంత్రం తూకంలో నాలుగైదు కిలోలు పెరుగుతాయి. వాన పడితే దూది నల్లబడి ధర పోతుంది కాబట్టి ఊరంతా ఒకేసారి కూలీల కోసం ఎగబడుతుంది. దసరా సెలవుల్లో చేనుకు పోయిన పిల్ల సెలవులయ్యాక కూడా వారం, పది రోజులు బడికి రాదు. అర్ధ సంవత్సర పరీక్షలకు ముందు పోయిన ఆ పాఠాలు మళ్లీ దొరకవు. పుస్తకాల్లో ఆమె పేరు బడి మానేసిన పిల్లల్లో ఉండదు. హాజరు పట్టీలో మాత్రం ఖాళీలు ఉంటాయి.

పత్తి విత్తనోత్పత్తి ఇంతకంటే దారుణం. సంకర విత్తనం కావాలంటే ఆడ మొక్క మొగ్గ విచ్చుకోకముందే దాని పుప్పొడి తిత్తులను చేత్తో తీసేయాలి. మర్నాడు పొద్దున మగ మొక్క పువ్వును దాని కీలాగ్రానికి రాయాలి. పల్లెల్లో దీన్ని క్రాసింగ్ అంటారు. ఒక్కో మొగ్గకూ విడివిడిగా, రోజూ, నెలల తరబడి చేయాల్సిన పని ఇది. 1990ల నుంచి కర్నూలు, మహబూబ్‌నగర్, రంగారెడ్డి జిల్లాల్లో ఈ పని ఎక్కువగా పద్నాలుగేళ్ల లోపు ఆడపిల్లల మీద నడిచిందని దావులూరి వెంకటేశ్వర్లు తదితరుల అధ్యయనాలు బయటపెట్టాయి. ‘చిన్న వేళ్లకే ఆ పని వస్తది’ అన్నది రైతులు చెప్పిన కారణం. అసలు కారణం కూలి. పెద్దవాళ్లకు ఇచ్చేదాంట్లో కొంతే పిల్లలకు ఇచ్చేవారు. సీజన్‌కు ముందే తల్లిదండ్రులకు అడ్వాన్సు ఇచ్చి పిల్లను కట్టిపడేసేవారు. కంపెనీలు విత్తనానికి కట్టే ధరలోనే పిల్లల కూలి లెక్క దాగి ఉండేది.

నవాబుపేట, చేవెళ్ల, శంకర్‌పల్లి వైపు హైదరాబాద్ మార్కెట్ల కోసం కూరగాయలు, పూలు పండిస్తారు. తెల్లారేసరికి సరుకు బండెక్కాలి. కోత, కట్టలు కట్టడం, గంపలకెత్తడం అంతా చీకటితోనే జరిగే ఇంటి పని. ఇంటి పనికి కూలి ఉండదు కనుక చట్టం కళ్లకూ అది కనబడదు. 1986 నాటి బాల కార్మిక చట్టాన్ని 2016లో సవరించి పద్నాలుగేళ్ల లోపు పిల్లలతో పని చేయించడాన్ని పూర్తిగా నిషేధించారు. అయితే బడి వేళలు కాని సమయంలో సొంత కుటుంబానికి చేసే పనిని మినహాయించారు. ఆడపిల్ల చేసే పనిలో ఎక్కువ భాగం ఆ మినహాయింపు కిందికే వస్తుంది. తమ్ముణ్ని ఎత్తుకోవడం, నీళ్లు మోయడం, తల్లి కూలికి పోతే పొయ్యి వెలిగించడం ఏ రిజిస్టర్‌లోకీ ఎక్కవు.

తాండూరు వైపు బతుకు తీరు వేరు. అక్కడ కందితో పాటు నాపరాతి గనులు, పాలిషింగ్ యూనిట్లు, కరన్‌కోట్ దగ్గర సిమెంటు పరిశ్రమ ఉన్నాయి. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. బండలు కోసేచోట మగవాళ్లకే పని ఎక్కువ. పని దొరకని ఇళ్లు, ముఖ్యంగా లంబాడీ తండాల వాళ్లు, పంట కాలం పోగానే పుణె, ముంబయి, హైదరాబాద్‌లకు వలస పోతారు. కొడుకును తాత దగ్గర వదిలి బడికి పంపినా, ఎదిగిన బిడ్డను ఎవరి దగ్గరా వదలలేక వెంట తీసుకుపోతారు. తండా పిల్లకు మరో ఇబ్బంది భాష. ఇంట్లో లంబాడీ, బజారులో ఉర్దూ కలిసిన తెలుగు, సరిహద్దు ఊళ్లలో కన్నడం, పుస్తకంలో ఇంకో తెలుగు, ఇప్పుడు దానిపైన ఇంగ్లీషు. లంబాడీలకు తెలంగాణలో షెడ్యూల్డు తెగల హోదా 1976లో వచ్చింది. గురుకులాల్లో, కొలువుల్లో దాని ఫలితం కనిపిస్తోంది. కానీ ఒకటో తరగతిలో అయ్యవారి మాట అర్థం కాక నోరు మూసుకుని కూర్చున్న పిల్లకు హోదా అక్కరకు రాదు.

వెట్టి నుంచి బడికి: రంగారెడ్డి అనుభవం

ఈ ప్రాంతపు కథలో ప్రపంచం దృష్టికి వచ్చిన అధ్యాయం ఒకటుంది. చరిత్రకారుడు మామిడిపూడి వెంకటరంగయ్య పేరిట 1981లో ఏర్పడిన ఎం.వి. ఫౌండేషన్ 1991 నుంచి రంగారెడ్డి జిల్లా పల్లెల్లో బాల కార్మికుల మీద పని మొదలుపెట్టింది. నడిపించినది ఆయన మనవరాలు, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయ ఆచార్యురాలు శాంతా సిన్హా. ఆమెకు పద్మశ్రీ, 2003లో రామన్ మెగసెసె పురస్కారం వచ్చాయి. 2007లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ ఏర్పడితే తొలి అధ్యక్షురాలు ఆమే.

బడిలో లేని ప్రతి పిల్లా బాల కార్మికురాలే అన్నది ఆ సంస్థ సూత్రం. వినడానికి మామూలుగా ఉన్నా ఆ రోజుల్లో దీని మీద పెద్ద వాదాలే జరిగాయి. గనిలోనో కార్ఖానాలోనో పనిచేసే పిల్లలనే బాల కార్మికులుగా లెక్కించి, ఇంట్లో చెల్లెల్ని ఆడించే పిల్లను వదిలేయడం అప్పటి వాడుక. ఈ సూత్రంతో ఆడపిల్లలు ఒక్కసారిగా లెక్కలోకి వచ్చారు. బీదరికం పోతే గానీ పిల్లలు బడికి రారన్న పాత మాటను కూడా సంస్థ ఒప్పుకోలేదు.

పదేళ్లు దాటిన పిల్లను ఒకటో తరగతిలో చిన్నపిల్లల పక్కన కూర్చోబెడితే సిగ్గుతో రెండో రోజే మానేస్తుంది. అందుకు బ్రిడ్జి కోర్సు శిబిరాలు పెట్టారు. పని మాన్పించి తెచ్చిన పిల్లలను కొన్ని నెలల నుంచి ఏడాదిన్నర దాకా అక్కడే ఉంచి, వయసుకు తగిన తరగతికి సిద్ధం చేసి, మామూలు సర్కారు బడిలో చేర్చేవారు. ఆడపిల్లల విషయంలో శిబిరం కంటే ముందు జరిగే పని కష్టం. అమ్మాయిని ఇల్లు దాటించి రాత్రిళ్లు బయట ఉంచడానికి తల్లి ఒప్పుకోవాలి, తండ్రి ఒప్పుకోవాలి, మేనమామ కూడా ఒప్పుకోవాలి. ఊరి యువకులు, సర్పంచులు, పంతుళ్లు ఇంటింటికీ తిరిగి చెప్పేవారు. కొన్ని ఊళ్లలో యజమానులే ముందుకొచ్చి జీతానికున్న పిల్లలను వదిలేస్తున్నామని సభల్లో ప్రకటించారు. 1997 తర్వాత ప్రభుత్వం కూడా ఖాళీ హాస్టళ్లలో వేసవి శిబిరాలు పెట్టి ఈ పద్ధతిని కొంతవరకు అందుకుంది.

ఈ అనుభవం చెప్పేది ఒకటుంది. ఒక్క ఇల్లు ఒంటరిగా ఆడపిల్లను హైస్కూలుకు పంపితే నలుగురూ నోరు నొక్కుకుంటారు. వాడకట్టులో పది ఇళ్లు పంపితే పంపని ఇంటినే అడుగుతారు. ఆదాయాలు పెద్దగా పెరగకుండానే చాలా ఊళ్లలో చిన్న తరగతుల చేరికలు పెరగడానికి ఇదే మూలం. పై తరగతుల దగ్గరికి వచ్చేసరికి ఆ ఊపు పలచబడిందన్నదీ నిజమే.

కొడుకు బస్సు, బిడ్డ నడక

చాలా ఊళ్లలో పొద్దున ఎనిమిదింటికి ప్రైవేటు స్కూలు పసుపుపచ్చ బస్సు వచ్చి ఆగుతుంది. ఎక్కేవాళ్లలో మగపిల్లలు ఎక్కువ. అక్కలు, చెల్లెళ్లు ఊరి సర్కారు బడికి నడుస్తారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002 నుంచి మూడు వేల మంది పిల్లలను వెంటాడి చూసిన ‘యంగ్ లైవ్స్’ అధ్యయనం కూడా ఇదే చెప్పింది: ఫీజు కట్టే బడికి కొడుకు, ఉచిత బడికి కూతురు. ఒకే కంచంలో తిన్న పిల్లల మధ్య ఇంగ్లీషు మీడియం పేరుతో గీత పడింది. 2022-23లో తెలంగాణ సర్కారు బడుల్లోనూ ఇంగ్లీషు మాధ్యమం ప్రవేశపెట్టాక ఆ తేడా కాగితం మీద తగ్గింది.

ఏడో తరగతి దాటాక దూరం మొదలవుతుంది. పిల్లకు ఊళ్ల మధ్య మూడు నాలుగు కిలోమీటర్ల దారి. ఒక పక్క చేను, ఒక పక్క కంప. అందులో పెద్దమనిషైన ఏడాది కూడా అదే. దారిలో ఎవడో ఒక మాట అన్నాడంటే శిక్ష అన్నవాడికి కాదు, పిల్ల చదువుకు పడుతుంది. ఇంట్లో చెప్పుకుంటే బడి మాన్పిస్తారని చెప్పకుండా ఓర్చుకునే పిల్లలు ఎందరో. నీళ్లు లేని మరుగుదొడ్డి ఉన్న బడికి నెలకు నాలుగైదు రోజులు డుమ్మా కొట్టడం అప్పుడే అలవాటవుతుంది. అన్ని బడుల్లో ఆడపిల్లలకు విడిగా మరుగుదొడ్లు ఉండాలని సుప్రీంకోర్టు 2012లోనే ఆదేశించింది. కట్టడం జరిగింది, కడగడానికి మనిషిని పెట్టడం మాత్రం ఏళ్ల తరబడి వెనకబడింది.

దూరానికి బిహార్ 2006లో సైకిలుతో జవాబు చెప్పింది. తొమ్మిదో తరగతిలో చేరిన ఆడపిల్లలకు సైకిలు డబ్బులిస్తే హైస్కూలు చేరికలు మూడో వంతు దాకా పెరిగాయని, ఆడ-మగ తేడా 40 శాతం తగ్గిందని కార్తీక్ మురళీధరన్, నిశిత్ ప్రకాశ్‌ల అధ్యయనం తేల్చింది. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు లేదు. కాలేజీ పిల్లలకు ఇది పెద్ద ఊరట. అయితే బస్సు వచ్చే ఊరికే ఈ ఊరట. పొద్దున ఒక్క ట్రిప్పు వచ్చే ఊరి పిల్లకు ఆ ఒక్కటి తప్పితే ఆ రోజు క్లాసు తప్పినట్టే.

డిగ్రీకి నగరం దారి పట్టేవాళ్లకు మరో భయం ఉంది, అది రోడ్డు. హైదరాబాద్-బీజాపూర్ రహదారి విస్తరణ దారి పొడవునా ఉన్న మర్రిచెట్ల వివాదంతో ఏళ్లు నానింది. 2025 నవంబర్ 3న చేవెళ్ల సమీపంలోని మీర్జాగూడ వద్ద తాండూరు నుంచి వస్తున్న ఆర్టీసీ బస్సును కంకర టిప్పర్ ఢీకొని ఇరవై మంది దాకా చనిపోయారు. నగరంలో కాలేజీలకు తిరిగి వెళ్తున్న ఆడపిల్లలూ వారిలో ఉన్నారు. ఈ ప్రాంతంలో రోడ్డు బాగోగులు కూడా ఆడపిల్లల చదువు లెక్కలోకే వస్తాయి.

పెళ్లి బజారు

‘ఇంత చదివితే అంతకంటే ఎక్కువ చదివినోడు కావాలె, కట్నం ఎవరు తెస్తరు?’ అన్న మాట ఈ పల్లెల్లో తరచుగా వినబడుతుంది. దీనిలో తండ్రి క్రౌర్యం కంటే భయం ఎక్కువ. పదో తరగతి పిల్లకు ఆటో డ్రైవరు సంబంధం రెండు లక్షల్లో కుదిరితే, డిగ్రీ పిల్లకు కొలువున్న వరుడు ఎంత అడుగుతాడో అతనికి తెలుసు. ఊళ్లో ఎవరి పిల్లో ప్రేమించి వెళ్లిపోయిందంటే ఆ ఏడాది నాలుగైదు ఇళ్లలో ఆడపిల్లల చదువు ఆగుతుంది. ఆడపిల్లను గుండెల మీద కుంపటి అనుకున్నన్నాళ్లు దాన్ని దించుకునే తొందరా ఉంటుంది.

పెళ్లి వయసు చట్టంలో 1978 నుంచి 18. బాల్య వివాహాల నిషేధ చట్టం 2006లో వచ్చింది. అయినా జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21లో తెలంగాణలో 20-24 ఏళ్ల ఆడవాళ్లలో 23.5 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయిందని తేలింది. కొవిడ్ మూసివేత ఇందుకు అనువుగా దొరికింది. 2020 మార్చిలో బడులు మూతబడ్డాయి. సెప్టెంబర్ 1 నుంచి పాఠాలు టీవీలో, ఫోన్లో వచ్చాయి. ఇంట్లో ఉన్న ఒక్క ఫోను తండ్రి జేబులోనో అన్న చేతిలోనో ఉండేది. పెళ్లికి జనం తక్కువ, ఖర్చు తక్కువ అని ముహూర్తాలు పెట్టేసిన ఇళ్లు ఎన్నో.

తెలంగాణ 2014 అక్టోబర్ 2న కల్యాణలక్ష్మి, షాదీ ముబారక్ పథకాలు మొదలుపెట్టింది. 51 వేలతో మొదలైన సాయం 2018 నాటికి 1,00,116 రూపాయలయింది. వధువుకు 18 నిండాలన్న షరతు వల్ల కొన్ని పెళ్లిళ్లు వెనక్కి జరిగిన మాట నిజం. కానీ డబ్బు చేరేది పెళ్లి జరిగితేనే, చదివితే కాదు. బంగ్లాదేశ్ 1994లో గ్రామీణ బాలికలకు దేశమంతటా ఉపకార వేతనం పెట్టి మూడు షరతులు విధించింది: 75 శాతం హాజరు, 45 శాతం మార్కులు, పెళ్లి కాకుండా ఉండటం. పశ్చిమ బెంగాల్ 2013లో తెచ్చిన కన్యాశ్రీ కూడా 18 ఏళ్లకు పెళ్లి కాకుండా చదువుతూ ఉన్న పిల్లకు 25 వేలు ఇస్తుంది. లక్ష రూపాయలు ఖర్చు పెట్టగల ప్రభుత్వం అందులో సగాన్ని ఇంటర్ పాసైన రోజున పిల్ల ఖాతాలో వేసి ఉంటే ఫలితం వేరుగా ఉండేదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

పదో తరగతి గండం

వికారాబాద్ జిల్లా పదో తరగతి ఫలితాల్లో వరుసగా మూడేళ్లు రాష్ట్రంలో ఆఖరున నిలిచింది. 2023లో 59.46 శాతం, 2024లో 65.10, 2025లో 73.97. అవే ఏళ్లలో రాష్ట్ర సగటు 86.60, 91.31, 92.78. రాష్ట్రం మొత్తం మీద మూడేళ్లూ ఆడపిల్లలే మగపిల్లల కంటే ముందున్నారు. చదవలేక ఆగిపోతున్నారన్న వాదనకు ఆ అంకెలే జవాబు.

అయితే తప్పితే జరిగేది ఇద్దరికీ ఒకటి కాదు. అబ్బాయి తప్పితే సప్లిమెంటరీ రాస్తాడు, లేదా పనిలో చేరి మళ్లీ ఎప్పుడో రాసుకుంటాడు. అమ్మాయి తప్పితే సంబంధం చూస్తారు. వేసవిలోనే ఫలితాలు, వేసవిలోనే పెళ్లి ముహూర్తాలు. పత్తి ఏరుడులో పోయిన అక్టోబర్ పాఠాల ఖరీదు ఇక్కడ తేలుతుంది.

పాసైతే ఇంటర్. అక్కడితో చాలా ఆసరాలు ఒక్కసారిగా తెగుతాయి. మధ్యాహ్న భోజనం పదితో ఆగుతుంది. జూనియర్ కాలేజీ ఊళ్లో ఉండదు. ప్రైవేటు కాలేజీలో చేరితే ఫీజు రీయింబర్స్‌మెంట్ డబ్బు ఆలస్యమైందని సర్టిఫికెట్లు ఆపుతారు. ఆ సర్టిఫికెట్ లేక డిగ్రీలో చేరలేక ఒక ఏడాది ఇంట్లో కూర్చున్న పిల్ల మరుసటి ఏడాది కాలేజీలో కనిపించదు.

వీటన్నిటి మధ్య నిలబడి పనిచేసినవి హాస్టలున్న బడులే. 2004లో కేంద్రం మొదలుపెట్టిన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు మొదట ఎనిమిదో తరగతి దాకా ఉండి, తర్వాత పదికీ, చాలాచోట్ల ఇంటర్‌కూ పెరిగాయి. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ గురుకులాలు, 2016లో దళిత బాలికల కోసం తెరిచిన ముప్పై డిగ్రీ కాలేజీలు వాటికి తోడయ్యాయి. దూరం, పొలం పని, వంట, పెళ్లి మాట నాలుగూ ఒకేసారి గేటు బయట ఆగిపోయే చోటు అది. ఆహారం, భద్రత సరిగా లేని హాస్టళ్ల వార్తలు కూడా తరచూ వస్తుంటాయి. అవి వచ్చిన ప్రతిసారీ తల్లులు బిడ్డలను ఇంటికి తీసుకుపోతారు, వాళ్లలో అందరూ తిరిగి రారు. సీట్లు కూడా అడిగేవారందరికీ చాలవు.

చట్టంలో ఖాళీ

2002 నాటి 86వ రాజ్యాంగ సవరణ, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైన విద్యా హక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల వరకే ఉచిత విద్యకు హామీ ఇస్తాయి. ఆడపిల్ల పెళ్లి వయసు 18. మధ్యలో నాలుగేళ్లు పెళ్లి చేయకూడదన్న చట్టం ఉంది, చదివించాలన్న చట్టం లేదు. నవాబుపేట, తాండూరు పిల్లలు జారిపోతున్నది సరిగ్గా ఆ నాలుగేళ్లలోనే. ఆడపిల్లల పెళ్లి వయసును 21కి పెంచాలని 2021లో లోక్‌సభలో పెట్టిన బిల్లుకు 2024లో ఆ సభతో పాటే కాలం చెల్లింది. చదివించే ఏర్పాటు లేకుండా వయసు పెంచి ఉంటే ఖాళీ నాలుగేళ్ల నుంచి ఏడేళ్లకు పెరిగేది. మూడేళ్ల నుంచి 18 ఏళ్ల దాకా అందరికీ చదువు అందాలని 2020 జాతీయ విద్యా విధానం రాసుకుంది. విద్యా హక్కు చట్టంలోని వయోపరిమితి ఇప్పటికీ 14 దగ్గరే ఉంది.